అయ్యగారికి సెలవు లేదా?

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నర. ఆరాధన ముగిసి అరగంట దాటింది. రేకుల షెడ్డులో పిల్లలు కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేరుస్తున్నారు, ఆడవాళ్ళు చాపలు చుడుతున్నారు. పాస్టరుగారు మాత్రం ఇంకా బల్ల పక్కనే నిలబడి ఉన్నారు. ఆయన ముందు ఇరవై మంది వరస. ఒకామె చేతిలో కొబ్బరినూనె సీసా, దానిమీద ప్రార్థన చేసివ్వాలి. ఒక కుర్రాడి చేతిలో హాల్‌టికెట్టు, ఒకాయన చేతిలో కొత్త బండి తాళంచెవి. వాళ్ళ వెనక కోడలి మీద ఫిర్యాదుతో ఒక ముసలమ్మ. లోపలి గదిలో పాస్టరమ్మగారు వడ్డించి మూతపెట్టిన అన్నం చల్లారిపోయింది. మూడింటికి పక్క ఊళ్ళో జ్ఞాపకార్థ కూటం, ఆరింటికి గృహప్రతిష్ఠ, ఆ మధ్యలో ఆసుపత్రిలో ఉన్న ఒకరిని చూసి రావాలి. కోస్తాలోనైనా తెలంగాణలోనైనా పల్లె సంఘాల ఆదివారం కాస్త అటూ ఇటూగా ఇలాగే గడుస్తుంది.

ఇలాంటి మనిషి ఒకరోజు మంచం పడితే సంఘంలో వినిపించే మాట ఒకటుంది: "అయ్యగారికి ప్రార్థన తగ్గినట్టుంది." అదే మాటను మర్యాదగా అనేవాళ్ళు ఇంకోలా అంటారు: "దేవుని సేవలో ఉన్నవాళ్ళకి అలసట ఏమిటండీ, అభిషేకమే నడిపిస్తుంది." అనేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఎంతో గౌరవంతోనే అంటారు. పాస్టరుగారి పుట్టినరోజుకు శాలువా కప్పేదీ, కాళ్ళ మీద పడేదీ, కూటానికి వస్తే పూలు చల్లేదీ కూడా వాళ్ళే. అయినా ఆ నమ్మకం తప్పు. వాక్యానికీ సరిపడదు, ఈ నేల మీది క్రైస్తవ చరిత్రకూ సరిపడదు. ఎంతోమంది సేవకులు బీపీ, షుగరు మాత్రలు చాటుగా మింగుతున్నారంటే, స్వస్థత గురించి ప్రసంగించే తాము ఆసుపత్రిలో కనబడకూడదని దూరపు పట్నానికి వెళ్ళి చూపించుకుంటున్నారంటే, కారణం ఈ నమ్మకమే.

ముందు వాక్యం సంగతి చూద్దాం. కర్మెలు కొండమీద అగ్ని దింపిన ఏలీయాకు అభిషేకం తక్కువని ఎవరూ అనలేరు. ఆ ఏలీయానే ఆ తరవాత అరణ్యంలో బదరీ చెట్టు కింద పడుకుని, చాలు ప్రభువా, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవదూత వచ్చి ఆయనకు విశ్వాసం గురించి ప్రసంగం చెయ్యలేదు, ప్రార్థన తగ్గిందని మందలించలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, సీసాడు నీళ్ళు పెట్టి లేపాడు. తిని మళ్ళీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి మళ్ళీ తినిపించాడు. హోరేబు కొండ మీది మెల్లని స్వరం ఆ తరవాతి మాట. ముందు నిద్ర, భోజనం. మోషే కూడా ఈ జనమంతటినీ ఒక్కడినే మోయలేను, చంపెయ్యమని అడిగినవాడే. సంఖ్యాకాండము పదకొండో అధ్యాయంలో దేవుడు ఆయనకు ఇచ్చిన జవాబు డెబ్బై మంది పెద్దలు. ఇంకా బలం ఇస్తాను, నువ్వే మొయ్యి అనలేదు. బరువును డెబ్బై భుజాలకు పంచాడు. తినడానికి కూడా తీరిక లేని శిష్యులను ఏకాంతంగా వచ్చి కొంచెం అలసట తీర్చుకోమన్నది సాక్షాత్తూ యేసు. పడవలో తుపాను లేచినా మెలకువ రానంతగా నిద్రపోయినవాడూ ఆయనే.

మోషేకు ఆ డెబ్బై మంది దొరకక ముందే యిత్రో చెప్పిన మాట ఉంది. మోషేకు పిల్లనిచ్చిన మామ, మిద్యాను యాజకుడు. ఇశ్రాయేలువాడు కూడా కాదు. అల్లుడిని చూడటానికి వచ్చి, ఉదయం నుంచి సాయంత్రం దాకా మోషే కూర్చుని తీర్పులు తీర్చడం, జనం చుట్టూ నిలబడి ఉండటం చూశాడు. ఇది మంచి పద్ధతి కాదన్నాడు. ఆయన మాటలో సాధారణంగా ప్రసంగాల్లో వదిలేసే భాగం ఒకటుంది: నలిగిపోయేది మోషే ఒక్కడే కాదు, ఆ జనం కూడా. ఆదివారం మధ్యాహ్నం ఎండలో నూనె సీసా పట్టుకుని గంటసేపు నిలబడ్డ ఆమె కూడా నలిగిపోతోంది. ఆమె రోగం గురించి వినడానికి అలసిపోయిన ఆ మనిషికి రెండు నిమిషాలే ఉన్నాయి.

నూనె సంగతి వచ్చింది కాబట్టి యాకోబు పత్రిక ఐదో అధ్యాయం తెరవాలి. రోగికి నూనె రాసి ప్రార్థన చెయ్యడానికి ఎవరిని పిలవమన్నాడు యాకోబు? సంఘపు పెద్దలను. బహువచనం. పాస్టరుగారిని మాత్రమే పిలవండి, ఆయన చెయ్యే పడాలి అన్నది అక్కడ లేదు. తెలుగు సంఘాల్లో ఈ వచనం వేల సార్లు చదివారు, వేల సార్లు ఏకవచనంగా పాటించారు. సంఘపెద్ద ఇంటికొచ్చి ప్రార్థన చేస్తే "అయ్యగారు రాలేదా?" అనే ప్రశ్న ఎదురవుతుంది. ఆ ప్రశ్న అడిగిన ప్రతిసారీ పెద్ద చిన్నబోతాడు, పాస్టరు ఇంకో బరువు ఎత్తుకుంటాడు. బరువు ఎక్కడ పుడుతోందో చూడాలంటే అక్కడే చూడాలి. పని ఎక్కువై పాస్టరు అలసిపోవడం ఒక సంగతి. సంఘం తన పనిని కూడా ఆయన నెత్తిన పెట్టి, దాన్నే గౌరవమనుకోవడం అసలు సంగతి.

ఆది సంఘం అలా అనుకోలేదు. యెరూషలేములో గ్రీకు మాట్లాడే విధవరాళ్ళకు భోజనం పంచడంలో అన్యాయం జరుగుతోందని సణుగుడు వచ్చింది. అపొస్తలులు ఆ పనికి ఏడుగురిని మీరే ఎంచుకోండి అన్నారు. ఎంచుకున్న ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. అంటే సణిగిన పక్షం చేతికే బాధ్యత దక్కింది. ఆ ఏడుగురిలో స్తెఫను తొలి హతసాక్షి అయ్యాడు, ఫిలిప్పు సమరయకు వెళ్ళాడు. వడ్డన పనికి ఎంచుకున్నవాళ్ళే సువార్తికులయ్యారు. పని పంచుకుంటే సేవకుడి విలువ తగ్గుతుందనే భయానికి అపొస్తలుల కార్యముల ఆరో అధ్యాయంలో చోటు లేదు.

ఇదంతా ఎప్పటిదో అనుకునేవారికి గుండ్లకమ్మ నది ఒడ్డు ఉంది. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలులో బాప్టిస్టు సంఘం మొదలైంది. ఆ ప్రాంతపు మాదిగ పల్లెల్లో సువార్తను ముందుగా మోసుకెళ్ళింది యర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ. పేరయ్యది తోళ్ళ వ్యాపారం. తరవాత ధాత కరువు వచ్చింది. మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు పని చూపించాడు. ఆ పని జరిగేచోట నిలబడి జనంతో మాట్లాడినవాళ్ళు తెలుగు బోధకులు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఈ అంకె ప్రతి తెలుగు బాప్టిస్టుకూ తెలుసు. అది ఎలా జరిగిందో మాత్రం తక్కువమంది గుర్తుపెట్టుకున్నారు. క్లౌ దొర ఆ రోజు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అభిషేకం పొందిన తెలుగు బోధకులు ఆరుగురు ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలోకి దిగారు. వాళ్ళు అలిసిపోతే ఒడ్డెక్కారు, ఇంకో ఇద్దరు దిగారు. మధ్యాహ్నం ఎండవేళ ఆపి, మళ్ళీ మొదలుపెట్టారు. తెలుగు క్రైస్తవ చరిత్రలోనే అంత గొప్ప దినాన అలసినవాడు ఒడ్డెక్కి కూర్చోవడం తప్పు కాలేదు.

డోర్నకల్‌లోనూ అంతే. 1912లో అభిషిక్తుడై అక్కడికి బిషప్‌గా వచ్చిన అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్. బాప్తిస్మం పొందిన ప్రతివాడూ తన తలమీద తన చెయ్యే పెట్టుకుని, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని పలికేలా చేసినవాడు. కూలీ చేసుకునేవాడు, చదువురాని ఆమె, అందరూ. సాక్ష్యం చెప్పడం జీతం తీసుకునే సేవకుడి పని అని ఆయన ఎన్నడూ చెప్పలేదు. బక్త్‌సింగ్ మొదలుపెట్టిన హెబ్రోను సహవాసాల్లో ఆదివారం ఆరాధనలో సహోదరులు ఒకరి తరవాత ఒకరు లేచి ప్రార్థించడం ఇప్పటికీ చూడొచ్చు. నడిపించేది ఒక్కడు కాదు, పెద్దల గుంపు. మూడు వేర్వేరు శాఖలు, మూడు వేర్వేరు పద్ధతులు. మూడింటిలోనూ సంఘం చేతులు కట్టుకుని కూర్చోలేదు.

మరి ఒక్క "దైవజనుడి" చుట్టూ సంఘమంతా తిరగడం ఎప్పుడు మొదలైంది? టీవీ ఛానళ్ళు, స్వస్థత మహాసభలు, ఫ్లెక్సీ మీద నిలువెత్తు ఫొటో, వీటి వాటా ఎంతో ఉంది. పాస్టర్లలోనూ తప్పుంది, దాచాల్సిన పనిలేదు. తాను లేకుండా సంఘం నడిస్తే తన అవసరం లేదనుకుంటారని భయపడేవారు ఉన్నారు. యువకుడొకడు బాగా ప్రసంగిస్తే వేరే సంఘం పెట్టుకుంటాడేమోనని మైకు ఇవ్వనివారు ఉన్నారు. ఆ భయం ఊహ కూడా కాదు, అలా చీలిన సంఘాలు ప్రతి మండలంలోనూ ఉన్నాయి. అయినా మైకు ఇవ్వకపోవడం వల్ల చీలికలు ఆగలేదు. పాస్టరు గుండె మీద భారం మాత్రం పెరిగింది.

ఇక్కడ ఒక అభ్యంతరం వినిపిస్తుంది. "పాస్టర్లకేం లోటు? కార్లలో తిరుగుతున్నారు." తిరిగేవాళ్ళు ఉన్నారు. కానీ తెరమీద కనబడే కొద్దిమందిని చూసి, పాత బైకు మీద మూడు ఊళ్ళు తిరిగే వేలమందిని తూకం వెయ్యడం న్యాయం కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాస్టర్లకు నెలకు రూ.5,000 గౌరవ వేతనం పెట్టింది. 2025-26లో తెలుగు రాష్ట్రాల్లో ఉపాధి హామీ రోజు కూలి రూ.307. ఆ లెక్కన అది పదహారు రోజుల కూలి. ఆ పదహారు రోజుల కూలి కోసం దరఖాస్తులు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగిన సేవకులు ఉన్నారంటే, వాళ్ళ ఇళ్ళలో పరిస్థితి వేరే చెప్పక్కర్లేదు. ప్రభుత్వం ఇవ్వాలా వద్దా అన్నది వేరే చర్చ. సంఘం తన సేవకుడి పొయ్యి సంగతి తాను చూసుకుని ఉంటే ఆ చర్చే ఇంత దూరం వచ్చేది కాదు.

సీఎస్ఐ, లూథరన్ లాంటి పాత సంఘాల్లో జీతం, క్వార్టరు, పదవీ విరమణ అనే మాటలు కనీసం ఉన్నాయి. అక్కడి బరువు వేరు: ఒక పాస్టరేటు కింద ఎన్నో ఊళ్ళు, ప్రభురాత్రి భోజనం ఇవ్వాలంటే అభిషిక్తుడైన గురువే రావాలి, నెలంతా చక్రం తిరిగినట్టు తిరగాలి. స్వతంత్ర సంఘాల్లో ఆ మాటలు కూడా లేవు. ఆదివారం కానుక సంచిలో ఎంత పడితే అంతే ఇంటి ఖర్చు. వర్షం పడి జనం రాకపోతే ఆ వారం కూర తగ్గుతుంది. 2021 వేసవిలో కోవిడ్ రెండో ఉద్ధృతి తెలుగు రాష్ట్రాల్లో ఎందరో పాస్టర్లను తీసుకుపోయింది. భూస్థాపనలకు వెళ్ళినవాళ్ళు, రోగుల ఇళ్ళకు వెళ్ళినవాళ్ళు. బీమా కాగితం ఒక్కటీ లేని ఇళ్ళలో పాస్టరమ్మలు మిగిలారు.

"మేం ప్రార్థిస్తున్నాం కదా" అంటారు. ప్రార్థించాలి, తప్పకుండా. కానీ ఫిలిప్పీ సంఘం పౌలు కోసం ప్రార్థనతో ఆగలేదు. డబ్బు పోగుచేసి ఎపఫ్రొదితు చేతికిచ్చి పంపింది. అతను దారి పట్టి వెళ్ళి, ఆ సేవలోనే చావు అంచు దాకా రోగంతో పడ్డాడు. డబ్బు లేని సంఘాలు ఏం చెయ్యగలవు అనేవారు మిజోరం వైపు చూడాలి. అక్కడ 1910లో ఆడవాళ్ళు మొదలుపెట్టిన పిడికెడు బియ్యం పద్ధతి నేటికీ నడుస్తోంది. అన్నం వండే ప్రతిసారీ ఒక గుప్పెడు పక్కన తీస్తారు, పోగైనదంతా సంఘానికి చేరుస్తారు. అలా గుప్పెడు తీసిపెట్టే అలవాటు తెలుగు పల్లెల్లోనూ తెలియనిది కాదు. ఎంత ఇస్తున్నారన్నది కాదు, నెలనెలా తప్పకుండా వస్తుందా అన్నది ముఖ్యం. సంచిలో పడేదానితో సంబంధం లేకుండా ఒక నెల జీతం నిర్ణయించి, లెక్కలు ముగ్గురు సభ్యుల చేతిలో పెట్టాలి. పౌలు యెరూషలేముకు చందా తీసుకెళ్ళినప్పుడు ఎవరూ వేలెత్తకుండా సంఘాలు ఎన్నుకున్న మనుషులను వెంట పెట్టుకున్నాడు. లెక్క పాస్టరు చేతిలో లేకపోతే ఆయనకు అనుమానపు చూపుల బరువు కూడా తగ్గుతుంది.

జీతం, బీమా, సెలవు అన్నీ ఉన్నచోట కూడా ఈ పని మనిషిని నలుపుతుంది. అమెరికాలో బార్నా సంస్థ 2022 మార్చిలో అడిగితే, గడచిన ఏడాదిలో పూర్తికాల సేవ మానెయ్యాలని నిజంగా ఆలోచించామన్న పాస్టర్లు 42 శాతం. అంతకు ముందు ఏడాది జనవరిలో అది 29 శాతం. ఉత్తర కరొలినా మెథడిస్టు పాస్టర్లను డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశీలిస్తే 8.7 శాతం మందిలో మానసిక కుంగుబాటు కనిపించింది, దేశం మొత్తం మీద అది 5.5 శాతం. నిజంగా వదిలిపోయేవాళ్ళు ఏడాదికి ఒకటి, ఒకటిన్నర శాతమేనని అక్కడి లైఫ్‌వే సంస్థ సర్వేలు చెబుతున్నాయి. దీన్ని చూపించి, చూశారా, ఎవరూ పోవడం లేదు అనేవారున్నారు. వదలకపోవడం బాగున్నట్టు గుర్తు కాదు. పిలుపును వదులుకోలేక, వేరే పని చేతకాక, మాట పోతుందని భయపడి నిలబడేవాళ్ళే ఎక్కువ. తెలుగు పాస్టరు సంగతి ఇంకా కష్టం. సేవ మానేసిన మనిషిని "వెనకబడ్డాడు" అనే ఊళ్ళో ఆయన ఎక్కడికి పోతాడు?

ఆ 42 శాతం మంది చెప్పిన కారణాల్లో పని ఒత్తిడి తరవాత వచ్చేది ఒంటరితనం. 43 శాతం మంది ఆ మాట అన్నారు. ఇక్కడ మళ్ళీ అజరయ్య గుర్తుకు రావాలి. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో నిలబడి, మీ త్యాగాలకు కృతజ్ఞులం, కానీ మాకు స్నేహితులు కావాలి అని పాశ్చాత్య మిషనరీలను అడిగిన మనిషి ఆయన. ఆ మాటలకు సభ కలవరపడింది. పైనుంచి ప్రేమించేవాళ్ళు ఎంతమంది ఉన్నా పక్కన కూర్చునేవాడు లేకపోతే ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. ఇప్పటి తెలుగు సేవకుడికి కింద నుంచి గౌరవించేవాళ్ళు ఉన్నారు, పక్కన కూర్చునేవాళ్ళు లేరు. ఆయన ఇంటికొచ్చేవాళ్ళంతా సమస్యతో వస్తారు. పని లేకుండా వచ్చి, మంచం మీద కూర్చుని, టీ తాగి, పిల్లాడి చదువు ఎలా ఉందని అడిగి, ప్రార్థన చేయించుకోకుండా వెళ్ళిపోయే మనిషి ఆయనకు ఏడాదికి ఒక్కడైనా ఎదురవుతాడా? పాస్టరమ్మగారి పరిస్థితి మరీ అన్యాయం. ఆదివార బడి, స్త్రీల కూటం, వచ్చినవాళ్ళకు వంట, ఇవన్నీ జీతం లేని ఉద్యోగం. ఆమెకు సమస్య వస్తే చెప్పుకోవడానికి సంఘంలో ఆడమనిషి ఉండదు, చెబితే ఊరంతా తెలుస్తుంది. 2013లో నంద్యాలలో పుష్పలలిత సీఎస్ఐ తొలి మహిళా బిషప్ అయిన రాష్ట్రంలో, స్త్రీలు ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన నడపగలరా అని ఇంకా అనుమానపడే సంఘాలున్నాయి. వరస కుర్చీల్లో సగానికి పైగా కూర్చునేది స్త్రీలే. ఆ బలాన్ని వంటగదికి పరిమితం చేసి, పాస్టరుగారికి సాయం దొరకడం లేదనడం ఏం న్యాయం?

సెలవు అనే మాట వినగానే కొందరు పెద్దలు ముఖం చిట్లిస్తారు. కాపరికి సెలవేమిటి అంటారు. సీఎస్ఐ మూలాల్లో ఒకటైన ఇంగ్లండు సంఘంలో సేవకులకు వారంలో కనీసం 24 గంటలు ఎడతెగని విశ్రాంతి, ఏడాదికి 36 రోజుల సెలవు నిబంధనల్లోనే రాసి ఉన్నాయి. తెలుగు సంఘానికి అంత అక్కర్లేదు. సోమవారం పొద్దున్నుంచి రాత్రి దాకా పాస్టరుగారి ఫోను ఒక సంఘపెద్ద చేతిలో ఉంటే చాలు, మొదలుపెట్టడానికి. అర్ధరాత్రి జ్వరం వచ్చిందని ఫోను వస్తే ఆ పెద్ద బండి తీసి ఆసుపత్రికి తీసుకెళ్ళగలడు, ప్రార్థనా చెయ్యగలడు. పాస్టరుగారు ఆ రాత్రి నిద్రపోతారు.

అన్నిటికంటే డిసెంబరు నెల చూడాలి. ఒకటో తారీఖు నుంచి ఇంటింటా క్యారల్స్, ట్రాలీ ఆటో మీద డ్రమ్ములు, రాత్రి రెండింటికి ఇల్లు చేరడం. స్కూళ్ళలో, ఆఫీసుల్లో, అపార్టుమెంట్లలో సెమీ క్రిస్మస్‌లు, ప్రతిచోటా ఒక సందేశం, ఒక కేకు. 24 రాత్రి కూటం, 25 తెల్లవారుజామున ఆరాధన. 31 రాత్రి పదింటికి మొదలై పన్నెండు దాటాక వాగ్దానపు కార్డులు పంచేసరికి ఒంటిగంట. జనవరి ఒకటి పొద్దున పదింటికి మళ్ళీ కొత్త సంవత్సరపు ఆరాధన, మళ్ళీ కొత్త ప్రసంగం. మాట బొంగురుపోయి, కాళ్ళు వాచి, జనవరి మొదటి వారంలో జ్వరంతో పడుకునే పాస్టర్లు ఎంతమందో వాళ్ళ పిల్లలను అడిగితే చెబుతారు.

నవంబరు రెండో వారంలో కమిటీ కూర్చుని ఈ నెలంతటికీ కాగితం మీద గళ్ళు గీస్తుంది. తేదీ, ఎవరి ఇల్లు, ఎన్ని గంటలకు, సందేశం ఎవరిది. ఆఖరి వరసలో ప్రతి గడిలోనూ "అయ్యగారు" అని రాసుకుంటూ పోవడం అలవాటు. ఈసారి కాగితం గీసేటప్పుడు పదిహేను గళ్ళలో వేరే పేర్లు రాయాలి. రిటైరైన టీచరుగారిది, ఆదివార బడి నడిపే అమ్మాయిది, డిగ్రీ చదివే కుర్రాడిది. జనవరి ఒకటి గడిలో కూడా. ఆ పొద్దున అయ్యగారు సంఘంలో కూర్చుని, భార్యాపిల్లలతో ఒక వరసలో, ఇంకొకరు చెప్పే వాక్యం వినాలి.